శనివారం కూపన్లు

"మూడో వంతు కూడా వాడలేదమ్మా మీవాళ్ళు," అన్నాడు ఆఫీసరు. "అక్కర్లేని చోట డబ్బెందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

బల్లకు ఇవతల నిలబడ్డ ఆమెను వీధిలో అందరూ కాజాలమ్మ అంటారు. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుడుతుంది. పూట జీతం వదులుకుని వచ్చింది. మోచేతి దగ్గర తెల్ల దారప్పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆమె వెనకాల, తమ వీధి ఆడవాళ్ళు పదకొండు మంది ఉన్నారు.

పేద ఇళ్ళకు నెలకు నాలుగు కూపన్లు ఇస్తారు. శనివారం సంతలో ఒక కూపను ఇస్తే, చుట్టుపక్కల రైతులు ఆ పొద్దున్నే కోసుకొచ్చిన కూరలు సంచి నిండా పోస్తారు. ఆ రైతులకు డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. ఇప్పుడు ఆ డబ్బే ఆపేస్తున్నారు.

"ఎవరు వాడలేదు సార్? పేర్లు చెప్పండి."

"పేర్లు మా దగ్గరుండవు. రైతులు తెచ్చిచ్చిన కూపన్లే మాకు లెక్క."

"అయితే ఆ లెక్క తప్పు. మా అత్తయ్య ఒక్క శనివారం మానలేదు. ఎదురింటి పెద్దమ్మ, మూలింటి పిన్నిగారు, వీధిలో ముసలాళ్ళంతా కలిసే పోతారు. వాళ్ళ హడావుడి చూస్తే సంతకు కాదు, పెళ్ళికి పోతున్నారనుకుంటారు!"

వెనక ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వబోయి ఆగాడు.

"తెచ్చే కూరలు చూడండి ఒకసారి," కాజాలమ్మ ఆపలేదు. "వడలిన ఆకులు, పగిలిన టమాటాలు. కూపనువాళ్ళకు ఏవైతేనేంలే అని రైతులు అంటగడుతున్నారు. అది అడగరేం?"

"దానికి వేరే ఫిర్యాదు రాసివ్వమ్మా."

"పథకమే లేకపోతే ఫిర్యాదు దేనిమీద సార్?"

ఆఫీసరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

కాజాలమ్మ తెచ్చిన కాగితం చుట్ట విప్పింది. ఫ్యాక్టరీలో పారేసిన కటింగ్ కాగితం. ఒకవైపు చొక్కా చేతుల గీతలు, రెండోవైపు రెండు వందల పన్నెండు సంతకాలు, వేలిముద్రలు. నెల్లాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పెట్టించింది.

"మా పిల్లకు ఆరేళ్ళు సార్. ఒంట్లో రక్తం ఏడు దగ్గరే ఆగిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. తాజా ఆకుకూరలు పెట్టమంది నర్సమ్మ. కూపన్లు మొదలైన పద్నాలుగు నెలలుగా పెడుతూనే ఉన్నాం. ఎందుకు పెరగడం లేదో ఆవిడకే అర్థం కావడం లేదు. ఇప్పుడు ఇవి కూడా లేకపోతే..."

కాగితాన్ని బల్లమీద పరిచి ఆయన వైపు జరిపింది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి సొరుగులో పెట్టాడు. అక్కడ అలాంటి చుట్టలు ఇంకో నాలుగు ఉన్నాయి.

"నా చేతిలో ఏం లేదమ్మా. నిన్ననే ఉత్తర్వు వచ్చేసింది. ఇవాళ్టి సంతే ఆఖరు. సాయంత్రం అయిదు దాటితే ఏ కూపనూ చెల్లదు, పాతదైనా కొత్తదైనా."

బస్సు దిగి సంత మీదుగా నడిచేసరికి అయిదున్నర అయింది. పరదాలు చాలావరకు విప్పేశారు. ఒక రైతు అమ్ముడుపోని పాలకూర కట్టలను తిరిగి వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. ఇంకా తడి ఆరలేదు.

కాజాలమ్మ ఉండబట్టలేకపోయింది. "ఇంత మంచివి వెనక్కి పట్టుకుపోతావు గానీ, మా ముసలాళ్ళకు మాత్రం వడలినవి పోస్తావేం బాబాయ్?"

"మీ వీధి ముసలమ్మలకా? మేం సంత ఎత్తేసేప్పుడు గానీ రారు తల్లీ. అప్పటికి కింద మిగిలేవి అవేగా."

ఎండలో నిలబడలేను, జనం పలచబడ్డాక వెళ్తానని అత్తయ్య అంటూనే ఉంటుంది. ఆ ఓపిక లేనితనాన్ని తప్పు పట్టడానికి కాజాలమ్మకు మనసు రాలేదు.

ఇంటి గుమ్మంలో అత్తయ్య చాట ముందేసుకుని ఆకులు ఏరుతోంది. పసుపుబారినవి పక్కకు తీసి, పచ్చగా ఉన్నంత మేర గిల్లి గిన్నెలో వేస్తోంది. ఆమె తొడమీద తల పెట్టుకుని పిల్ల పడుకుని ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఏమన్నారే?"

"పోయింది అత్తయ్యా. ఎవరూ వాడుకోవడం లేదట. మనకు అక్కర్లేదట." చెప్పులు విప్పకుండానే మెట్టుమీద కూలబడింది కాజాలమ్మ. ఆఫీసులో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "దీనికి రేపటినుంచి ఏం పెట్టాలి?"

అత్తయ్య కంగారు పడలేదు. పిల్ల తలను మెల్లగా దిండు మీదికి జరిపింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. గుమ్మం పక్కనే ఉన్న మంచం కిందికి వంగి, గుడ్డ చుట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి బయటికి లాగింది.

"ఊరుకో. ఎప్పటికో అప్పటికి ఆపేస్తారని మాకు తెలీదా? పిచ్చిదానా, వీధిలో ముసలాళ్ళం ఊరికే వెళ్ళొస్తున్నామనుకున్నావా?"

ముడి విప్పడానికి కాసేపు పట్టింది.

"ఆపేసిన రోజున పిల్లలకు లోటు రాకూడదని, మేమంతా మాట అనుకుని ఒక్కటి కూడా ఇవ్వకుండా దాచాం," అంటూ అత్తయ్య మూత తీసి, మడతైనా పడని యాభై ఆరు కూపన్లను కోడలి ఒళ్ళో పోసింది.