ఈల వేసేదాకా

"నీ కుక్కను నువ్వు పట్టుకోలేనోడివి, జట్టులోకి ఎందుకొచ్చినావురా?"

సీతారామపురం రోడ్డు కల్వర్టు మీద నిలబడి మాలకొండయ్య అరిచిన అరుపుకు, అప్పుడే తెల్లవారుతున్న ఊరంతా ఉలిక్కిపడి లేచి ఉంటుంది. వరప్రసాదం తలొంచుకున్నాడు. అతని కాళ్ల దగ్గర బుల్లెట్టు మాత్రం తనకేం సంబంధం లేనట్టు తోకాడిస్తోంది.

"నిన్న గురుస్వామి చేను చూసినావా? అర్ధెకరా! నాగలి పెట్టి దున్నినట్టు పెళ్లగించినాయి పందులు. ఎందుకు? నేను ఈల వేయకముందే నీ కుక్క దూకబట్టి!"

కొండ కింద చేలున్న నలుగురూ కలిసి కట్టుకున్న జట్టు అది. మనిషికొక కుక్క. రాత్రంతా తిరిగిన అడవిపందులు తెల్లారేసరికి కొండ మీది వాననీళ్లు పారే వంకలోని ముళ్లకంపల్లో చేరతాయి. ఇద్దరు తమ కుక్కల్ని ఇంటికాడే వదిలి, దిగువ నుంచి డాల్డా డబ్బాలు వాయిస్తే, అవి లేచి వంక వెంబడి కొండకేసి పరుగు పెడతాయి. మిగిలిన ఇద్దరూ వంకకు చెరో గట్టున కుక్కల్ని పట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చోవాలి. పందులు తమను దాటిపోయాక మాలకొండయ్య ఈల వేస్తాడు. అప్పుడు వదిలితే కుక్కలు వాటిని కొండెక్కించి వస్తాయి. దాటకముందే గట్టు మీద చీమ చిటుక్కుమందా, అంతే సంగతులు. పందులు పక్కకు తిరిగి చేలల్లో పడతాయి.

"ఇంకొక్కసారన్నా!" బతిమాలాడు వరప్రసాదం. "నిన్నంతా దానికి అదే నేర్పినా. ఉండమంటే ఉంటాది. గిన్నెలో సంగటి పెట్టి ముందర తోసినా, నేను చెప్పేదాకా ముట్టలేదు. కావాలంటే మా ఇంటిది రెబెకమ్మనడుగు."

"మీ ఇంటి ఉప్పులేని సంగటి ఎవురు మాత్రం ముట్టుకుంటారులే," అన్నాడు జట్టులో నాలుగోవాడు పెంచలయ్య. గురుస్వామి కూడా నవ్వాడు, అర్ధెకరా పోయినవాడు.

వరప్రసాదానికి నవ్వు రాలేదు. ఉన్నది ఒక్క ఎకరా వేరుశనగ. అదీ కొండను ఆనుకునే ఉంది. కాయ ఊరే రోజులు. జట్టులోంచి తీసేస్తే, ఒంటి మనిషి ఎన్ని వైపులని కాస్తాడు? ఒక్క రోజు ఏమరితే చాలు, తీగ కూడా మిగలదు. పిల్లల బడి, వచ్చే ఏటి విత్తనం, ఇంటి పైకప్పు, అన్నీ ఆ మట్టిలోనే ఉన్నాయి.

"ప్రభువు తోడన్నా. ఈసారి అది కదిలితే నన్నడుగు."

మాలకొండయ్య కుక్క వంకా మనిషి వంకా చూశాడు. "ఇదే ఆఖరు. ఈలకు ముందు ఎవరివల్ల చెడినా, వాళ్లకు రేపటినుంచి జట్టులో చోటు లేదు. తర్వాత ఏడ్చినా వినను."

గురుస్వామి, పెంచలయ్య డబ్బాలు తీసుకుని దిగువకు పోయారు. మాలకొండయ్య తన కుక్కతో అవతలి గట్టెక్కాడు. ఇవతలి గట్టున, రాయి చాటున కూర్చున్నాడు వరప్రసాదం. తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టాడు. చాలదనిపించి మూడో చుట్టు వేశాడు. బుల్లెట్టు చెవిలో గుసగుసగా "ఉండు" అన్నాడు. అది కూర్చుంది.

డబ్బాలు మోగలేదు. వరప్రసాదం ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదికి మారాడు. తాడు వదులైందేమోనని లాగి చూశాడు. బిగుసుకుందేమోనని సడలించాడు. మెడ మీద చీమ కుట్టింది. ఎంతసేపయ్యా వీళ్లు, నిద్రపోయారా ఏంది? ఉదయగిరి నుంచి వచ్చే మొదటి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. దానికి కుక్క లేస్తుందేమోనని రెండు చేతులా దాని మెడ పట్టుకున్నాడు. అది లేవలేదు.

డబ్బాలు మోగాయి.

కంపలు కదిలాయి. ముందు పెద్ద ఆడపంది, దాని వెనక పిల్లలు, ఆ వెనక కోరలున్న మగది. తిన్నగా ఇటే వస్తున్నాయి. ఇరవై బారలు. పది బారలు. బుల్లెట్టు చెవులు నిక్కాయి. వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఒళ్లంతా సన్నగా వణికింది.

దూకుతుంది! ఇప్పుడే దూకుతుంది! పోయింది ఎకరా, పోయింది బతుకు!

"ఒరే బుల్లెట్టూ! ఉండరా! కదిలితే చంపేస్తా!"

ఆ కేకకు వంకంతా మారుమోగింది. పందులు గిరుక్కున తిరిగి మాలకొండయ్య చేలోకే దూరాయి. మాలకొండయ్య కుక్క బెదిరిపోయి, తాడు తెంపుకుని ఊళ్లోకి పరుగు తీసింది.

మాలకొండయ్య రొప్పుతూ వంక దాటి వచ్చాడు. వరప్రసాదం చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది కదల్లేదన్నా! చూడు, నీ కళ్లారా చూడు, కూర్చోనే ఉండాది!"

నిజమే. బుల్లెట్టు కూర్చున్న చోటే కూర్చుని, మాలకొండయ్య మెడలోని ఈల వంక చూస్తోంది. మాలకొండయ్య ఒక్క క్షణం దాన్ని చూశాడు. అతనే వరప్రసాదం మణికట్టు నుంచి తాడు విప్పి, ఈల వేశాడు.

బుల్లెట్టు పోయిన పోక చూడాల్సిందే. చేను చుట్టూ తిరిగి పందుల్ని ఒక్కదగ్గరికి చేర్చి, నాలుగు సాళ్లు కూడా పాడు కాకముందే గట్టు దాటించింది. పొద్దు పొడిచేసరికి మంద మొత్తం కొండెక్కింది.

"మరి నా చేను సంగతి ఏందన్నా?" అన్నాడు వరప్రసాదం, వినపడీ వినపడనట్టు.

"దానికేం భయం లేదు, రేపు కుక్కను పంపించు," అన్నాడు మాలకొండయ్య. "నిన్ను మాత్రం ఇంటికాడ కట్టేయమని రెబెకమ్మకు నేను చెప్తాలే."