ఎవరికీ తెలియని మాట

తవ్వకం మొదలైన నాలుగో రోజు పొద్దున ఈరవ్వ మట్టి తట్ట కింద పెట్టేసి, కూలీలు తవ్వే గుంతకు అడ్డంగా కూర్చుంది.

"గీడ తవ్వకు తమ్మీ," అంది మేస్త్రీ సీమోనుతో. "పిలగాడు పండుకున్నడు."

సీమోను పని ఆపించాడు. కామారెడ్డి అవతల, రైలుపట్టాల పక్కనున్న ఈ గుట్ట కింద పాతకాలపు మనుషుల ఆనవాళ్ళున్నాయని, హైదరాబాదు నుంచి యాకూబు సాబు అనే అధికారి వచ్చి తవ్విస్తున్నాడు. ఎల్లారెడ్డి నుంచి కూలీలను తెచ్చింది సీమోనే. గుట్ట పేరు వినగానే, పిలవకుండానే బయల్దేరి వచ్చింది మాత్రం ఈరవ్వ ఒక్కతే.

ఆమె సీమోనుకు చుట్టం కాదు. పదమూడేళ్ళ కిందట, 1928లో, కామారెడ్డి అంగడిలో ఆకలితో తూలుతుంటే, సీమోను తల్లి ముత్తవ్వ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పేరు కూడా ముత్తవ్వ పెట్టిందే. అప్పుడామె మాట ఎవరికీ అర్థం కాలేదు. కన్నడపు మనిషి అన్నారు. బీదరు బండ్లవాళ్ళు విని, కాదన్నారు. మరాఠీ ఏమో అనుకున్నారు. నాందేడు నుంచి వచ్చిన పత్తి బేరగాళ్ళూ తల అడ్డంగా ఊపారు.

నిజాంసాగర్ కట్ట పనికి పది దిక్కుల జనం వచ్చారని తెలిసి ఈరవ్వ అక్కడికి పోయింది. రెండేళ్ళు రాళ్ళు మోసింది. పొయ్యిల దగ్గర ఏ గుంపు మాట్లాడుకుంటున్నా, వెనకాల నిలబడి చెవి ఒగ్గేది. కట్ట పూర్తయింది. జనం ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆమె ఎల్లారెడ్డికి తిరిగొచ్చి, ఇక తప్పదని తెలుగు నేర్చుకుంది. కలుపు తీసేటప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే, తన మాటల్లో ఏదో గొణుక్కునేది. మరిచిపోతానేమోనని భయం.

ఏటా వానలకు ముందు నడుచుకుంటూ ఈ గుట్టకు వచ్చి, ఒక బండ పక్కన పొద్దంతా కూర్చుని పోయేది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు తవ్వకం ఆ బండ దాకా వచ్చింది.

యాకూబు సాబు వచ్చి సంగతి అడిగాడు. ఈరవ్వ ఏమీ దాచలేదు. పడుకున్నది తన కొడుకేనని, ఐదేళ్ళవాడని, జ్వరమొచ్చి పోయాడని చెప్పింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టానంది. తల కింద పలకరాయి, మెడలో గవ్వపూసలు ఉంటాయంది.

ఆమెను పక్కకు జరిపి తవ్వారు. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి.

కూలీలు దూరం జరిగారు. ఎవరో పోలీసు పటేలు మాట ఎత్తారు. తల్లి పోయాక అతని ఇంటికి మిగిలిన పెద్దదిక్కు ఈరవ్వే. పిల్లవాణ్ణి చంపి పాతిపెట్టిందని ఎవరైనా అంటే, కాదనడానికి అతని దగ్గర ఏముంది?

యాకూబు సాబు గుంతలోకి దిగి చాలాసేపు ఉన్నాడు. కుంచెతో మట్టి తుడిచాడు. భూతద్దం పెట్టి చూశాడు. పైకి వచ్చేసరికి అతని ముఖం తేటపడింది.

"భయపడకు సీమోనూ. ఇది రాతి గొడ్డళ్ళ కాలం నాటి పిల్లవాడు. తక్కువలో తక్కువ నాలుగు వేల ఏండ్లు."

ఏ వానకో మట్టి కొట్టుకుపోయినప్పుడు ఈమె చూసి ఉంటుందని, బిడ్డను పోగొట్టుకున్న మనసు కదా, తన బిడ్డే అనుకుందని అతను నెమ్మదిగా వివరించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈరవ్వ మాత్రం కదల్లేదు.

"నాలుగు వేలంటే ఎంత తమ్మీ?"

సీమోను పక్కన కూర్చుని, తాత, ఆ తాతకు తాత అంటూ వేళ్ళు మడిచి చూపించాడు. వేళ్ళు చాలలేదు.

"మరి ఈ పిలగాని మనుషులు యాడికి పోయిండ్రు?"

"ఎవ్వలు లేరక్కా. అందరు ఎన్నడో పోయిండ్రు. వాళ్ళ మాట ఎట్లుండెనో గూడ ఎవ్వలికి తెల్వది."

ఈరవ్వ లేచి గుంతలోకి దిగింది. ఎముకలను ముట్టుకోకుండా పక్కనే ఒరిగి, ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతెత్తి, ఎవరికీ తెలియని ఆ మాటల్లో చాలాసేపు మాట్లాడింది. ఎముకలు సర్దడానికి పెట్టె తెచ్చిన కూలీని యాకూబు సాబు చేత్తో ఆపాడు. పాపం, మతి చెదిరిన తల్లి అనుకున్నాడు.

ఆమె లెక్కకు పదమూడేళ్ళ కిందట, ఆ గుంతను తన చేతులతో పూడ్చిన సాయంత్రమే, పిడుగుల వానకు జడిసి గుట్ట నెర్రెలో తలదాచుకున్న ఈరవ్వకు, వాన వెలిసి బయటికి వచ్చేసరికి, పొద్దున దాకా తనవాళ్ళ గుడిసెలున్న చోట రైలుపట్టాలు కనిపించాయి.