సబ్ నార్మల్

“ముక్కు దిబ్బడ బిళ్ళ బీపీ పెంచుతాదని తెలీదేటి నీకు?” ఖాళీ అయిన బిళ్ళల షీటును మా మాంగో బస్తీలోని మందుల షాపు బల్ల మీద విసిరికొట్టాను.

షాపు సూర్యం తల దించుకున్నాడు. “తెలుసు టీచరమ్మా. అందుకే, బీపీ ఉందేటని అన్నయ్యని అడిగినాను.”

“అబద్ధమాడకు. రెండేళ్లుగా ఉంది మా ఆయనకి. నీ బిళ్ళలు మింగిన మూడో రోజే మెదడులో నరం చిట్లి చనిపోయారు.”

“రెండుసార్లు అడిగినానమ్మా. ‘బీపీ నహీ, సబ్ నార్మల్’ అని హిందీలో అన్నారు. బళ్ళో పిల్లోడు ఎక్కం అప్పజెప్పినట్టు, టకామని.”

బల్ల మీది ఖాళీ షీటును వెనక్కి తీసుకున్నాను.

బీపీ ఉందని తెలిస్తే ఆయన పనిచేసే ప్లాంటులోకి వెళ్ళడానికి గేటు పాసు ఇవ్వరు. ఎవరడిగినా తడబడకుండా ఆ మాటే చెప్పాలని, అద్దం ముందు నిలబెట్టి నేనే వల్లె వేయించాను.