గొలుసు విప్పితే

“తాగి మిషన్ మీద చెయ్యి పెట్టిండని రాసిన్రంట! ఎవరు పోసిన్రు నా మొగునికి? నువ్వు పోసినవా?”

జమ్లి కేకకి గ్రానైట్ ఫ్యాక్టరీలో కూలీలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఓనరు వెంకటరామారావు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఎంక్వయిరీకి వచ్చిన లేబర్ ఆఫీసరు ఉదయశ్రీ వైపు తిరిగి నవ్వాడు.

“చూశారుగా మేడం వీళ్ళ వరస! మొగుడేమో తాగొచ్చి షాకు కొట్టించుకున్నాడు. పెళ్ళామేమో నా మీద పడి అరుస్తోంది.”

“చుక్క ముట్టడు నా మొగుడు!”

జమ్లి భర్త దస్రు ఖమ్మం దవాఖానాలో పడి నాలుగు రోజులైంది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఆమె ఆఫీసరు ముందుకొచ్చి నిలబడింది.

“పది రోజుల సంది చెప్తనే ఉన్నడు మేడం. నీళ్ళ పైపు, కరెంటు కేబులు ఒక్కకాడనే కుక్కిన్రు, మిషన్ నడుస్తాంటే రెండూ రాసుకుంటున్నయి, మార్చున్రి అంటే ఈ ఓనరు సారే వినలే. ఆర్డర్ పోనియ్, తర్వాత చూద్దామన్నడంట.”

ఉదయశ్రీ రాస్తున్న కాగితం మీంచి తలెత్తింది. “మిషన్ చూపించండి.”

రాయి కోసే మిషన్ కరెంటు తీసేసి ఉంది. దాని రంపం ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచేటప్పుడు, వెంటే మడతపడుతూ విచ్చుకుంటూ కదిలే నల్లటి ప్లాస్టిక్ గొలుసు ఒకటుంది. కేబుళ్ళూ పైపులూ పోయేది దాని కడుపులోంచే.

“తుల్సీరాం, విప్పు. మేడం కళ్ళారా చూస్తారు,” అన్నాడు వెంకటరామారావు.

ఫిట్టర్ తుల్సీరాం ఎవరి మొహమూ చూడకుండా గొలుసు మూతలు ఒక్కొక్కటే ఊడదీశాడు. జమ్లి అందరికంటే ముందు వంగి చూసింది.

నీళ్ళ పైపు ఒక అరలో ఉంది, కరెంటు కేబులు ఇంకో అరలో. మధ్యన అడ్డుపలక. ఒకదానికొకటి తగిలే వీలే లేదు. రెండింటి మీదా రాతి బురద దట్టంగా అంటుకుని ఉంది.

“ఇప్పుడేమంటావ్?” వెంకటరామారావు గొంతు లేచింది. “మేడం, ఇది మిషన్ కొన్నప్పుడు రెండువేల ఇరవై ఒకటిలో కంపెనీవాళ్ళు వేసిన కేబులు. అప్పట్నుంచీ దీని మీద ఇంకో చెయ్యి పడలేదు. కావాలంటే రాసిస్తా.”

“రాసివ్వండి,” అంది ఉదయశ్రీ.

అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టాడు.

జమ్లికి ఒళ్ళు మండిపోయింది. “అవ్, మేమే అబద్ధాలోళ్ళం! తండా మనుషులం గదా, పొద్దు లేస్తే తాగుడే గదా మాకు! చెయ్యి కాలినోడు దొంగ, కాల్చినోడు దొర!”

“నోరు తగ్గించు. అక్షరం ముక్క రాదు, కేబులంటే ఏమిటో తెలుసా నీకు?”

“తెల్వది. నా మొగుని చెయ్యి కాల్చింది గిదే అంటున్నవు గదా, దీన్ని ఒక్కపాలి నా కండ్లతోని చూడనియ్.”

కేబులు పట్టుకుంది. తుల్సీరాం ఆమె చేతిలో ఒక గుడ్డపీలిక పెట్టాడు. జమ్లి అతని వైపు చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు.

“ఏయ్, ఏం చేస్తున్నావ్?” అంటూ వెంకటరామారావు ముందుకొచ్చాడు.

“చూడనివ్వండి,” అని ఉదయశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది.

జమ్లి కసితీరా తుడిచింది. బురద ఊడి నల్లటి కేబులు మెరిసింది. దాని మీద పొడుగునా తెల్లటి ఇంగ్లీషు అచ్చు. అందులో ఒక్క అక్షరమూ ఆమెకు తెలియదు. కానీ ఖమ్మం మిర్చి యార్డులో ఏటా నంబర్లు చూసి బస్తాలు లారీకెక్కించే మనిషి ఆమె. అచ్చు వెంబడి వేలు నడిపి ఒకచోట ఆపింది. ఒక్కో అంకే పైకి చదువుకుంది. మళ్ళీ ఒకసారి చదువుకుని తలెత్తింది.

“సారూ, ఇరవై ఒకటిల ఏసిన కేబులు మీద రెండువేల ఇరవై ఐదని ఎట్ల అచ్చు పడ్డది?”