నున్నగా జారిన బ్రష్

“మామయ్యా, పొయ్యి వెలిగించకండి!”

కోడలి కేకకు ఆయన చేతిలోని అగ్గిపెట్టె జారిపడింది. ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ వెళ్ళి పొగగొట్టాలు శుభ్రం చేస్తున్న మనిషి.

“పొద్దున నేనే తుడిచానుగదమ్మా! బ్రష్ నున్నగా జారింది.”

“నల్లటి పెచ్చు రాలిపడితే టార్చి వేసి చూశాను. పొగగొట్టం ఒంపు పైన మసి తారులా గట్టిపడి అద్దంలా మెరుస్తోంది. అందుకే జారింది. రవ్వ తగిలితే ఇల్లంతా అంటుకుంటుంది, పైగదిలో పాప నిద్రపోతోంది!” ఆమె టార్చి ఆయన చేతిలో పెట్టింది. “మీరే చూడండి.”

ఆయన వంగి, తలెత్తి చాలాసేపు చూశాడు. “ఏమీ లేదుగదమ్మా?”

టార్చి వెలగనే లేదు. ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

ఆమె టార్చి వెనక్కి తీసుకుంది. “ఎన్నాళ్ళ నుంచి కనబడడం లేదు మామయ్యా?”

“చలి మొదలైనప్పట్నించీ అంతా మసకే. చెబితే పని మానిపిస్తారని...” ఉన్నట్టుండి ఆయన కిటికీ వైపు తిరిగాడు. “ఈ వారం ఇంకో మూడిళ్ళు చేశానమ్మా. చీకటి పడితే అందరూ పొయ్యిలు వెలిగిస్తారు!”

కిటికీలో ఎండ వాలిపోతోంది. ఆమె పరుగున వెళ్ళి పాపను భుజాన వేసుకొచ్చింది.

“పదండి, ఇళ్ళు చూపించండి.”

ఎవరి సాయమూ అడిగి ఎరగని ఆయన, గడప దగ్గర ఆగి చెయ్యి చాపాడు.

“పట్టుకోమ్మా. నాకంటే నువ్వే వేగంగా నడుస్తావు.”