క్రిములంటని మోకాళ్లు

కళ్లజోడు మార్చినంత సులువుగా జనం మోకాళ్లు మార్చుకుంటున్న రోజులవి. కొత్త మోకాలి పూతను తాకిన క్రిమి బతకదు. అందుకే ఆ ఉదయం మురుగు తోడే యంత్రం మొరాయించగానే, శానిటరీ ఇన్‌స్పెక్టర్ దివాకర్ తన ట్యాబ్‌లో పేర్లు వెతికి పైడమ్మను పిలిచాడు.

"నీ రెండు మోకాళ్లకీ పూత ఉంది. ఇన్ఫెక్షన్ రాదు. మ్యాన్‌హోల్లోకి దిగి ఆ అడ్డం తీసెయ్యమ్మా."

పైడమ్మ ముప్పై ఏళ్లుగా ఈ వీధులే ఊడుస్తోంది. పూత లేని పాతరకం కృత్రిమ మోకాలు చీము పట్టి రెండుసార్లు కోయించుకున్న మనిషి. ఈ పూత వచ్చాకే మళ్లీ నిలబడి చీపురు పట్టింది. దాని విలువ ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"లోపల గాలాడదు గదా బాబూ. నా ఊపిరితిత్తులకేటి పూసినారు?"

"రూలు మారింది. పూత ఉన్నవాళ్లు దిగొచ్చు. చూడు, నీ పేరు పక్కన పచ్చగుర్తు."

పైడమ్మ చీపురు గోడకానించింది. తిన్నగా వెళ్లి, ఇంకా తెరవని మ్యాన్‌హోల్ మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అవతలి వీధి ఊడుస్తున్న ఆదెమ్మ ఇది చూసి, తన చీపురూ పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ఆమె పేరు పక్కనా పచ్చగుర్తే.

"లేవండి! ఎంతసేపిలా కూర్చుంటారు?" అని దివాకర్ అరిచాడు.

పైడమ్మ తన మోకాళ్లు నిమురుకుంది.

"ఎంతసేపైనా కూకుంటాం బాబూ. ఇవి నొప్పెట్టవు."