ఆట మధ్యలో ఆపకూడదు

"ఏందిమే, కూడు పెడతావా పెట్టవా?"

జుట్టు పట్టి ఈడ్చి, తలను గోడకేసి కొట్టిన చప్పుడు వరండా దాకా వినిపించింది.

"నోరు లేస్తా ఉండాదే నీకు! ఈ పొద్దు నిన్ను సంపకపోతే చూడు!"

మళ్ళీ ఒక దెబ్బ. ఆపైన డొక్కలో తన్ను.

వరండాలో నిలబడ్డ విజయకుమారి చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాటలు ఆమెకు కొత్త కావు, ఆ దెబ్బలూ కొత్త కావు. అయితే ఇప్పుడు కొడుతున్నది నాలుగేళ్ళ కూతురు రోజా. దెబ్బలు తింటున్నది గుడ్డబొమ్మ.

"ఆపండి మేడం!" అంటూ గదిలోకి దూరబోయింది. టీచర్ ప్రత్యూష చెయ్యడ్డం పెట్టింది.

"చేర్చుకునే రోజే చెప్పాను కదక్కా, ఇది ఆటలబడి అని. పలకలుండవు, అప్పజెప్పడాలుండవు. పిల్లల ఆటను మధ్యలో ఆపం. బిడ్డను చేర్చేముందే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి, ఇష్టం లేకపోతే చేర్చొద్దు అన్నానా లేదా?"

"ఆటంటే బువ్వలాట ఆడుకుంటారనుకున్నా మేడం. ఇట్టా కొడతాదనుకోలా."

"పిల్లలు ఆటలాడతారు గానీ అబద్ధాలాడరక్కా. లోపల ఏముంటే అదే బయటికొస్తుంది. అంతా వచ్చేస్తేనే బిడ్డ మనసు తేలికపడేది."

విజయకుమారి తల దించుకుంది. ప్రత్యూష జాలిగా ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇందులో సిగ్గుపడాల్సింది మీరు కాదు" అంది.

విజయకుమారి మొగుడు పెంచల్ వాకాడు అవతల రొయ్యల గుంటలకు కాపలా ఉండేవాడు. గుంట గట్టుమీది రేకుల షెడ్డులోనే సంసారం. తాగనప్పుడు మంచోడే అనేవాళ్ళు జనం. ఆ తాగని పొద్దు ఎప్పుడొచ్చిందో ఆ అన్నవాళ్ళే చెప్పాలి. వేడి గంజి పెళ్ళాం మెడమీద కుమ్మరించాడు. రోకలిబండతో ఎడమచెయ్యి విరగ్గొట్టాడు. కొడుతున్నంతసేపూ రోజా మంచం కింద దూరి చూసేది. మొన్న వానల్లో తాగిన మైకంలో గట్టుమీంచి జారి, గుంటలో బోర్లా పడి చనిపోయాడు. ఊరు ఆ పూటకు అయ్యో అంది, మర్నాటికి పీడ విరగడైందంది.

ఇప్పుడు విజయకుమారి రొయ్యలు వలిచే షెడ్డుకు పోతోంది. ఎవరో సంస్థవాళ్ళు ఊరికే నడిపే బడి కాబట్టి రోజాను ఇక్కడ వదిలిపోతోంది. బిడ్డకు ఆమె తప్ప, ఆమెకు బిడ్డ తప్ప ఇంకెవరూ లేరు. ఆ బిడ్డ తనకు కాకుండా పోతుందేమోనన్నదే ఆమె భయం.

సాయంత్రం వచ్చిన తల్లులంతా తిన్నదా, పడుకున్నదా అని అడుగుతారు. విజయకుమారి మాత్రం, "ఈ పొద్దు ఏమాడింది మేడం? యాడదాకా ఆడింది?" అని అడిగేది. తల్లంటే ఇట్లా ఉండాలని ప్రత్యూష ముచ్చటపడేది.

"గంజి పొయ్యడం దాకా వచ్చిందక్కా."

తర్వాత ఒక సాయంత్రం, "చెయ్యి విరగ్గొట్టడం దాకా" అంది.

"రేపట్నించి మాన్పిస్తా మేడం."

"ఇప్పుడు మాన్పిస్తే ఆ దెబ్బల దగ్గరే ఆగిపోతుందక్కా బిడ్డ. ఆటను చివరిదాకా పోనివ్వండి."

ఈ ఆట సంగతి ఆ నోటా ఈ నోటా పడి, కొడుకు పోయాక వాళ్ళ గడప తొక్కని అత్త ముసలమ్మకు చేరింది. మర్నాడు సాయంత్రం కోడలు బడి గేటు దాటుతుండగానే వెనకనుంచి వచ్చి కొప్పు పట్టుకుంది.

"నా కొడుకును మింగింది చాలకనా, బిడ్డ చేత వాడి పరువు తీయిస్తావుండావు?" చెంప పగలగొట్టింది. పెదవి చిట్లి రక్తం కారింది. అడ్డం వచ్చిన ప్రత్యూషనూ తోసేసింది. "సచ్చినోడితో బొమ్మలాటలా మీకు!"

విజయకుమారి రక్తం తుడుచుకోనైనా లేదు. "నువ్వు చెప్పిందే నిజం అత్తా. ఈ బడొద్దు. బిడ్డను తీసకపోదాం పద" అంది ఆత్రంగా.

అప్పటికే ముసలమ్మ చూపు గదిలోకి పోయింది. రోజా ఆటలో మునిగి ఉంది. అమ్మ బొమ్మ చెయ్యి ఊడి దూది బయటికొచ్చింది. నాన్న బొమ్మ పీటకింద దాక్కున్న పిల్ల బొమ్మను కాలుపట్టి ఈడ్చింది. "నువ్వూ సావు!" అంటూ కాగితప్పడవల కోసం నీళ్ళు నింపిన తొట్లో దాన్ని ముంచింది.

"బిడ్డను గూడానా?" ముసలమ్మ కోడలి వైపు తిరిగింది.

విజయకుమారి అవునన్నట్టు తలూపింది.

ముసలమ్మ కోడల్ని కావలించుకుని భోరుమంది. "అంతా తెలిసీ కొడుకని నోరు మూసుకున్నానే తల్లీ! దేవుడే చూసి వాణ్ణి గుంటలోకి తోసినాడు. ఆడుకోనీ, బిడ్డను కడుపారా ఆడుకోనీ."

"వద్దత్తా, ఇంక చాలు!" విజయకుమారి విదిలించుకుని ముందుకు పోబోయింది. ఒక రెక్క అత్త, ఒక రెక్క టీచర్ పట్టుకుని ఓదార్పుగా ఆపారు.

రోజా పిల్ల బొమ్మను పైకి తీసి, పైట చెంగుతో తుడిచినట్టు తుడిచి పక్కన పడుకోబెట్టింది. నాన్న బొమ్మను తొట్లో బోర్లా వేసింది.

"అయిపోయిందక్కా. బరువంతా దిగిపోయింది" అని ప్రత్యూష కళ్ళు తుడుచుకుంది.

రోజా అమ్మ బొమ్మను కూడా తెచ్చి తొట్లోని నాన్న బొమ్మ మీదికి వంచింది. చాలాసేపు అట్లాగే పట్టుకుని, ఆ తర్వాత దాని చెవిలో చెప్పింది.

"నాన్న కదలడంలే, ఇంక చెయ్యి తియ్యమ్మా."